వెబ్‌సైటుకు ఎంతవుద్ది? కొన్ని ఎదురు సలహాలు

“అన్నా, వెబ్‌సైటు పెట్టిద్దామనుకుంటున్నా. ఎంతవుద్ది?”

భద్రాచలంలో నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్నీ మాట అడుగుతారు. కొత్తగా నాలుగు గదుల లాడ్జి తెరిచినవాళ్లు, పర్ణశాలకూ పాపికొండల బోటు రేవుకూ కార్లు తిప్పేవాళ్లు, చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ల సంఘాలు. ఊళ్లో గోదావరి రేవుకు కాస్త దూరంలో మాకూ ఒక చిన్న లాడ్జి ఉంది. దానికి రెండుసార్లు సైటు కట్టించాం. మొదటిది మా చేజారిపోయింది, అదెలాగో తర్వాత చెబుతాను. రెండోసారి కట్టే కుర్రాడి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అప్పట్నుంచీ తెలిసినవాళ్లకు దగ్గరుండి కట్టించిపెట్టడం నా పనుల్లో ఒకటైంది.

ఖమ్మంలో నలుగురిని అడిగితే ఒకరు 5,000 అంటారు, ఒకరు 50,000 అంటారు. హైదరాబాద్‌లో లక్షన్నర చెప్పినవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఐదు వేలవాడు రెడీమేడ్ టెంప్లేటులో మీ పేరూ మీ ఫొటోలూ పెట్టి ఇస్తాడు. యాభై వేలవాడు మీకోసం కొత్తగా గీస్తాడు. లక్షన్నరలో గదుల బుకింగూ, ఆన్‌లైన్ చెల్లింపూ, ఏడాది మరమ్మతూ కలిసి ఉంటాయి. ఈ మూడింట్లో మీకేది కావాలో తేలకముందే అంకె చేతికొస్తే దానితో మీరేం చేస్తారు?

నేను చెప్పేవి వినగానే “ఇవేం సలహాలండీ, అన్నీ తిరగేసి చెబుతున్నారు” అంటారు. తిరగేసినట్టే ఉంటాయి. కానీ ఒక్కోదాని వెనకా మేమో మాకు తెలిసినవాళ్లో పోగొట్టుకున్న డబ్బుంది. అందుకే పట్టుబట్టి చెబుతున్నాను.

ధర అడక్కండి, మూడేళ్ల లెక్క అడగండి

కట్టినందుకు ఎంత అని అడిగితే వచ్చే జవాబు మొదటిరోజు ఖర్చు మాత్రమే. సైటంటే మర్నాడు విప్పేసే పెళ్లి పందిరి కాదు గదా. మూడేళ్లలో నా జేబులోంచి మొత్తం ఎంత పోతుందో కాగితం మీద రాసిమ్మనండి.

పేరు, అంటే డొమైన్, .కామ్ అయినా .ఇన్ అయినా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా పడుతుంది. మొదటి ఏడాది వందో రెండొందలో అని ఊరించే ఆఫర్లుంటాయి. రెండో ఏడాది అవి అసలు ధరకొస్తాయి. ఆ రెన్యువల్ ధర ఆఫరు కిందే చిన్నక్షరాల్లో ఉంటుంది, కొనేముందు అది చూడండి. సైటు ఉండే సర్వరుకు కట్టే అద్దె, అంటే హోస్టింగ్, మాలాంటి చిన్న లాడ్జికి ఏడాదికి రెండు మూడు వేల నుంచి ఐదారు వేల దాకా ఉంటుంది. సైటుకూ చూసేవాళ్లకూ మధ్య నడిచే సమాచారాన్ని కాపాడే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తోంది. చిన్న సైటుకు అది చాలు. బిల్లులో దానికి వేలు వేస్తే ఎందుకో అడగండి. వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉచితమే, దాని మీద తగిలించే కొన్ని ప్లగిన్లకు మాత్రం ఏటా కట్టాలి. కట్టేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద 18 శాతం పడుతుంది. యాభై వేల మీద అది తొమ్మిది వేలు. చెప్పిన ధరలో అది కలిసుందో లేదో మొదటిరోజే తేల్చుకోకపోతే చివరిరోజు మాటామాటా పెరుగుతుంది.

విడివిడిగా లెక్క రాయించుకోవడానికి మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ ఊరి గుడే లెక్కల మీద నిలబడిన గుడి. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న శిస్తు డబ్బుతో కట్టించి, తానీషా కొలువులో జవాబు చెప్పలేక గోల్కొండ చెరలో పడ్డాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఆయన ఏ పనికి ఎంత పట్టిందో, ఏ నగకు ఎంత పోశాడో ఒక్కొక్కటిగా రాముడికే అప్పజెప్పాడు. దేవుడికే పద్దులవారీగా లెక్క చెప్పిన ఊళ్లో ‘మొత్తం కలిపి ఇంత’ అనే ఒంటి అంకెకు తలూపడం నాకు నచ్చదు. డిజైనుకెంత, ఫొటోలకెంత, తెలుగు టైపింగుకెంత, తర్వాత మార్పులకెంత అని పద్దులు వేయించండి.

మా లాడ్జి రెండో సైటు లెక్క ఇదీ. కట్టినందుకు 22,000. పేరుకు మూడేళ్లకు 3,000. హోస్టింగ్ ఏడాదికి 4,000 చొప్పున 12,000. ఫొటోలకు 6,000. తెలుగు టైపింగుకూ తప్పులు దిద్దినందుకూ 5,000. మార్పులు చేసిపెట్టడానికి నెలకు వెయ్యి చొప్పున 36,000. మొత్తం 84,000. కట్టినదాని కంటే చూసుకున్నందుకే ఎక్కువైంది. ఎవరైనా 22,000 అని చెప్పి ఊరుకుంటే మిగతా 62,000 దాచినట్టే. దాచానని వాళ్లకూ తెలియకపోవచ్చు.

ఎక్కువ ప్రశ్నలు వేసేవాళ్లకే పని ఇవ్వండి, రేటు ఎక్కువైనా సరే

“మీకెందుకు, మేం చూసుకుంటాం” అన్నవాళ్లు మాకు బాగా నచ్చారు మొదటిసారి. రెండోసారి వచ్చిన కుర్రాడు విసిగించాడు. గదులు నిండని నెలలేవి? ఫోను ఎవరు ఎత్తుతారు? అడ్వాన్సు తిరిగిస్తారా? వచ్చేవాళ్లలో ముసలివాళ్లు ఎంతమంది? ధర చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ ధర మొదటివాళ్ల కంటే ఎక్కువే. అయినా ఆ నాలుగు రోజుల్లోనే సైటు సగం తయారైందని తర్వాత తెలిసింది.

పనికి ముందు వారం రోజులు ఫోను దగ్గర కూర్చోండి

రాతపని కోసం రచయితను పెట్టకండి. ‘భక్తుల సేవలో తరించే’ లాంటి మాటలు ఎవరూ చదవరు. మీకు వచ్చే ఫోన్లే మీ సైటు. వారం పాటు ఒక నోటుబుక్కులో ప్రతి ప్రశ్నా రాసుకోండి. మేం రాసుకుంటే రోజూ తప్పకుండా వచ్చినది ఇదీ: “భద్రాచలం రోడ్‌కు రైలు టికెట్ తీసుకున్నామండీ, స్టేషన్ నుంచి మీ లాడ్జికి నడిచి రావచ్చా?”

భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి ఇక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. పేరు చూసి గుడి పక్కనే దిగుతామనుకుని, పిల్లలతో రాత్రిపూట కొత్తగూడెంలో దిగి దిక్కులు చూసిన కుటుంబాలెన్నో. మా సైటులో ఇప్పుడు మొదటి వాక్యం అదే. గదుల ఫొటోల కంటే పైన ఉంటుంది. కట్టే కుర్రాడు కూడా మొదట ఒప్పుకోలేదు, పైన పెద్ద ఫొటో ఉండాలన్నాడు. ఆ వాక్యానికి మాకైన ఖర్చు సున్నా. దానివల్ల తప్పిన ఇబ్బందిని ఏ డిజైనరూ లక్ష తీసుకుని కూడా తప్పించలేడు.

రెండో ప్రశ్న పాపికొండల గురించి. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, ఇక్కడి నుంచి బోటెక్కే పోచవరం రేవుకు పోవాలంటే రాష్ట్రం సరిహద్దు దాటాలి. ఊరు దాటితే ఎటపాక, అది ఆ రాష్ట్రం. సొంత కారులో వచ్చేవాళ్లకు ఇబ్బంది లేదు. టాక్సీ మాట్లాడుకునేవాళ్లకు పక్క రాష్ట్రం పర్మిట్ సంగతి ముందే చెప్పాలి. కార్లు తిప్పే మా మిత్రుడి సైటులో పది రంగుల బొమ్మలున్నాయి గానీ ఈ ఒక్క సంగతి లేదు. రోజూ ఆయనే ఫోనులో చెప్పుకుంటున్నాడు.

మూడోది శ్రీరామనవమి కల్యాణం టికెట్లు. వాటిని దేవస్థానమే తన సొంత సైటులో అమ్ముతుంది. లాడ్జివాళ్లం మేం అమ్మం. ఆ సంగతి స్పష్టంగా రాసి దేవస్థానం సైటుకు దారి చూపించండి. ‘టికెట్లు ఏర్పాటు చేయబడును’ అని గుమ్మం మీద రాసి జనాన్ని లాక్కోవాలని చూస్తే రెండో ఏడాది మొహం చూపలేరు.

అసలు కట్టించకండి, ఒక ఏడాది ఆగండి

తేనె, లడ్డూలు, చిరుధాన్యాల పిండివంటలు అమ్మే అక్కలకు నేనిచ్చే సలహా ఇదే. ఒక సంఘం వాళ్లు ఆన్‌లైన్ దుకాణం కోసం 60,000 పక్కన పెట్టుకుని వచ్చారు. అది కూలి డబ్బులోంచి, సంఘం పొదుపులోంచి కూడబెట్టినది. నేనడిగాను, “అక్కా, పోయిన నెల బయటి ఊళ్లకు ఎన్ని పార్సిళ్లు పోయినయి?” పద్నాలుగు. “తేనె సీసాలు ఎన్ని కారినయి?” మూడు. “పోస్టాఫీసుకు ఎవరు పోయారు?” సంఘంలో ఒక్కామె, బస్సు చార్జీ తన చేతిదే పెట్టుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని.

దుకాణం కట్టాక నెలకు నూటనలభై పార్సిళ్లొస్తే? ముప్పై సీసాలు కారతాయి. ఆ ఒక్కామే రోజూ బస్సెక్కాలి. వాళ్లకు అప్పుడు కావలసింది గట్టి డబ్బాలు, మూతకు సీలు వేసే చిన్న యంత్రం, పార్సిల్ పట్టుకెళ్లే మనిషికి కూలి. 60,000లో మొదటి ఖర్చు వాటికే పెట్టించాను. అమ్మకానికి వాట్సాప్ బిజినెస్ కేటలాగు పెట్టాం, దానికి పైసా అక్కర్లేదు. గూగుల్ మ్యాపులో సంఘం చోటు గుర్తు పెట్టాం, అదీ ఉచితమే. డబ్బు యూపీఐ క్యూఆర్‌తో వస్తుంది, దాని మీద అమ్మేవాళ్లకు కోత లేదు. అదే కార్డులు తీసుకునే పేమెంట్ గేట్‌వే పెడితే వంద రూపాయల అమ్మకంలో రెండు రూపాయల దాకా ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ పోతాయి. తక్కువ లాభం మీద అమ్మే లడ్డూకు అది చిన్న మొత్తం కాదు.

ఇలా చెబితే అడవి బిడ్డలను వెనక్కు లాగుతున్నావని ఒకరు నాతో గట్టిగా వాదించారు. వెనక్కు లాగాలని నాకెందుకుంటుంది? ఇక్కడి గిరిజన మహిళలు చేసే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పినప్పుడు మా వీధిలో అందరం సంతోషించాం. అడవి సరుకు బయటికి పోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే ఆ పనికి. సరుకు నిలకడగా తయారై, కారకుండా, విరగకుండా చేరడం మొదలయ్యాక దుకాణం కట్టండి. అప్పుడు మీ దగ్గర ఏడాది ఆర్డర్ల లెక్క ఉంటుంది. ఎవరు, ఏ ఊరి నుంచి, ఎంత బరువు అడిగారో తెలుస్తుంది. ఆ లెక్క ముందు పెట్టి అడిగితే కట్టేవాళ్లు కూడా సరైన ధర చెప్పగలరు. ఆ సంఘం ఇంకా సైటు కట్టలేదు. కడతారు.

అందం మానండి

సిగ్నల్ సంగతి ఈ వైపు ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. చర్ల దాటి లోపలికి పోతే ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఖమ్మంలో ఏసీ గదిలో, ఫైబర్ లైను మీద, పెద్ద కంప్యూటరులో చూపించిన సైటుకు మీరు చప్పట్లు కొట్టి డబ్బు ఇచ్చేస్తారు. దాన్ని చూడాల్సినవాళ్లు మాత్రం బస్సులో ఉంటారు.

నేటి ఫోనుతో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. పన్నెండు ఫొటోలు అలాగే ఎక్కిస్తే మొదటి పేజీయే యాభై అరవై ఎంబీ. వాటిని 200 కేబీకి కుదిస్తే అన్నీ కలిపి రెండున్నర ఎంబీ లోపే, ఫోను తెర మీద తేడా కంటికి ఆనదు. ఇది ఒక పూట పని. దీనికి విడిగా డబ్బడిగినా ఇవ్వండి. పక్కకు జరిగే బొమ్మలూ, ఎగిరే అక్షరాలూ, తెరవగానే మోగే పాటా మాత్రం ఉచితంగా ఇస్తానన్నా వద్దనండి.

మొట్టమొదటి వెబ్‌సైటు 1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టినది. ఉత్త అక్షరాలూ లింకులూ తప్ప అందులో ఏమీ లేదు. దాన్ని మళ్లీ నెట్‌లో పెట్టారు, ఏ నాసిరకం ఫోనులోనైనా క్షణంలో తెరుచుకుంటుంది. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్ డాట్ యూకే తెల్ల కాగితం మీద నల్లక్షరాల్లా ఉంటుంది. లండన్ డిజైన్ మ్యూజియం 2013లో ఆ ఏడాది మేటి డిజైన్‌గా ఎంచుకున్నది దాన్నే. మీ అల్లుడు మరీ బోసిగా ఉందంటే ఆ మాట చెప్పండి.

పనివాళ్లకు మిగతా డబ్బు ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టండి. ఇంట్లో ఉన్న పాత ఫోను పట్టుకుని బస్సెక్కండి. సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయిన చోట సైటు తెరవండి. మీ ఫోన్ నంబరు కనిపించేలోపు పది అంకెలు లెక్కపెట్టగలిగితే పని పూర్తికానట్టే.

కరపత్రం ఫైలు ఇవ్వకండి

డీటీపీ సెంటరులో కరపత్రం కొట్టించిన ఫైలే ఉంది కదా, అదే ఎక్కించెయ్యమంటారు. వద్దు. కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు మనవైపు ఎక్కువగా అనూ ఫాంట్లలో కొడతారు. వాటిలో కనిపించేది తెలుగే అయినా, లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలు. ఆ ఫాంటు లేని చోట అతికిస్తే అర్థంలేని రోమన్ ముక్కలు కనిపిస్తాయి. దాన్ని ఫొటోగా మార్చి పెడితే కళ్లకు తెలుగే కనిపిస్తుంది గానీ, “భద్రాచలంలో లాడ్జి” అని వెతికేవాళ్లకు మీరు దొరకరు. చూపు లేనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపించలేదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి, కానీ ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. మా మొదటి సైటులో ‘స్వామి’ అన్న మాటే విరిగి కనిపించేది, మూడు నెలలు ఎవరమూ చూసుకోలేదు. గుడి ముందు లాడ్జికి అంతకంటే సిగ్గుచేటు ఉందా? అందుకే తెలుగు తెలిసిన మనిషితో మళ్లీ టైపు చేయించి, ఇంకొకరితో దిద్దించండి. ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరైనా ఉంటారు. ఆయనకు గౌరవంగా డబ్బివ్వండి, పండ్లూ శాలువాతో సరిపెట్టకండి. ఫాంటు కోసం ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వంటివి ఉచితం, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి.

తెలుగు పైన పెట్టి ఇంగ్లిషు కింద పెట్టమని కూడా చెబుతాను. దీనికీ పోట్లాటే. మా గదులకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఖమ్మం, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలవాళ్లు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు కూడా గది బుక్ చేసేది వాళ్ల అమ్మానాన్నల కోసం. ఎవరికోసం సైటో వాళ్ల భాష పైన ఉండాలి.

మేనల్లుడికి పూర్తి డబ్బివ్వండి

“మా మేనల్లుడు బీటెక్ కంప్యూటర్సండీ, ఫ్రీగా చేస్తానన్నాడు.” ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఫ్రీగా చేసినవాణ్ని ఆలస్యమైందని అడగలేం. తప్పుందని చెప్పలేం. వాడు ఉద్యోగం వచ్చి పోతే ఆపలేం. మామయ్య పని కదా అని వాడు రాత్రిళ్లు మేలుకుని చేస్తాడు, పరీక్షలొస్తే వదిలేస్తాడు. చివరికి పండగ పూట ఇద్దరూ మాట్లాడుకోని రోజొస్తుంది. బయటివాళ్లకు ఎంతిస్తారో అంతా ఇవ్వండి, కాగితం రాసుకోండి. వాడి చదువుకు మీరిచ్చే విలువ కూడా అదే.

మా మొదటి సైటు అలాంటి మొహమాటంలోనే పోయింది. చేసినవారు మాకు తెలిసినవారే, మంచివారే. డొమైన్ తన ఈమెయిల్‌తో, తన పేరు మీద తీసుకున్నారు. మేమూ పట్టించుకోలేదు. తర్వాత వాళ్లు వేరే దేశం వెళ్లారు. రెన్యువల్ కట్టమని వచ్చిన ఉత్తరాలన్నీ వాళ్లు చూడటం మానేసిన పాత మెయిలుకు పోయాయి. .కామ్ పేరు గడువు తీరాక కూడా వెంటనే పోదు. సాధారణంగా 45 రోజుల దాకా మామూలు ధరకే నిలబెట్టుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు అంతకు ఎన్నోరెట్లు జరిమానాతో. ఆ పైన 5 రోజులకు పేరు బజారున పడుతుంది. మాకు తెలిసేసరికి ఆ రోజులన్నీ అయిపోయాయి. మా విజిటింగ్ కార్డుల మీద, ఆటోల వెనక, రేవు దగ్గర బోర్డు మీద ఉన్న పేరును ఎవరో కొనుక్కున్నారు. బోర్డు మళ్లీ రాయించడానికైన ఖర్చు కంటే, పాత పేరు కొట్టి ఏదో జూదం పేజీ చూసిన యాత్రికుల ముందు పోయిన పరువు పెద్దది.

కాబట్టి డొమైన్ మీ పేరు మీద, మీ మెయిలుతో, మీ ఫోన్ నంబరుతో, మీ డబ్బుతో మీరే కొనండి. కట్టేవాళ్లకు తాళంచెవి ఇవ్వండి, పట్టా ఇవ్వకండి.

చట్టం సంగతీ ఒకటుంది, చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేరే ఒప్పందం లేకపోతే మీదే. కానీ బయటి మనిషి రాసిన కోడు అలా కాదు. జీతగాడు కాని మనిషి రాసింది రాసినవాళ్లదే, మీకు రాతపూర్వకంగా సంతకం పెట్టి బదిలీ చేస్తే తప్ప. ఆ కాగితంలో కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే అనుకుంటారు, చోటు రాయకపోతే భారతదేశానికే. అందుకని ‘కోడు, డిజైను, రాతలు శాశ్వతంగా, ప్రపంచమంతటా ఫలానావారికి’ అని ఒక్క వాక్యం రాయించి సంతకం తీసుకోండి.

ఆషాఢంలో తెరవండి

అందరూ శ్రీరామనవమికి తెరుస్తామంటారు. పెద్దమనుషులను పిలిచి, బటన్ నొక్కించి, ఫొటోలు తీయించి. నేనేమో ఆషాఢంలో, ఎవరికీ చెప్పకుండా తెరవమంటాను. శూన్యమాసమని పెద్దవాళ్లు అభ్యంతరం చెబుతారు. వాళ్ల మాట మీద నాకు గౌరవముంది. పూజ ఏదైనా ఉంటే శ్రావణంలో చేసుకోండి.

కొత్త సైటులో తప్పులుంటాయి. గిరాకీ లేని రోజుల్లో ఆ తప్పు ఇద్దరికి తగులుతుంది. నవమి ముందురోజు అదే తప్పు రెండు వందల మందికి తగులుతుంది. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం కట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ సైటును 2013 అక్టోబరు 1న దేశమంతటికీ ఒకేసారి తెరిచింది. లక్షలమంది ఎగబడ్డారు. మొదటిరోజు దాని ద్వారా చేరగలిగింది ఆరుగురు. ఆ సైటుకు డబ్బు తక్కువై అలా కాలేదు. ఆషాఢంలో తెరిస్తే ముక్కోటి ఏకాదశికి మీ చేతిలో అయిదారు నెలలుంటాయి.

‘రాకండి’ అని రాయండి

ఇది ఎవరికీ మింగుడుపడని సలహా. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.

2022 జులైలో గోదావరి మొదటి హెచ్చరిక 43 అడుగులు దాటింది, రెండోది 48 దాటింది, మూడోది 53 కూడా దాటి ఆగలేదు. 16వ తేదీకి 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట లోపలి కాలనీల్లోకీ నీళ్లొచ్చాయి. అప్పటికి మా పాత సైటే నడుస్తోంది. అందులో నిండుగా ప్రశాంతంగా ఉన్న గోదావరి ఫొటో, దాని కింద ‘గదులు ఖాళీ ఉన్నాయి, ఇప్పుడే బుక్ చేయండి’ అని ఉంది. దాన్ని మార్చాలంటే పాస్‌వర్డు కట్టినవాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు దొరకలేదు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. ఉన్న కాస్త చార్జింగ్ కూడా “మేం బయల్దేరాం, గది ఉంచండి” అన్నవాళ్లకు రావద్దని చెప్పడానికే అయిపోయింది. ఒక కుటుంబం సారపాక దాకా వచ్చేసింది. ముసలాయనకు షుగరు, చంటిపిల్ల ఉంది. ఆ రాత్రి వాళ్లు కారులోనే పడుకున్నారని తర్వాత తెలిసింది. వాళ్లను అక్కడిదాకా పిలిచింది మా సైటే.

దానికి ముందు బోట్ల సంగతీ అంతే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతోమంది పోయారు. పాపికొండల బోట్లన్నీ ఆపేశారు. ఆ తర్వాత కూడా ఎన్ని సైట్లలో ‘రేపటి బోటుకు టికెట్లు’ అని ఉండిపోయిందో చూసి నేను తట్టుకోలేకపోయాను.

అందుకే నా లెక్కలో మార్పులకని రాసిన ఆ నెలకు వెయ్యి అన్నిటికంటే పెద్ద పద్దు. సైటు పైభాగంలో ఒక్క వాక్యం, దాన్ని ఫోనులోంచి ఎవరైనా రెండు నిమిషాల్లో మార్చగలగాలి. కట్టేముందే ఈ షరతు పెట్టండి. పాస్‌వర్డు ఇంట్లో ఇద్దరికి తెలియాలి, ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగకూడదు. వానాకాలంలో రోజూ ఉదయం నీటిమట్టం ఎంతుందో, దారి తెరిచి ఉందో లేదో, బోట్లు తిరుగుతున్నాయో లేదో రాయండి. బాగోలేకపోతే రావద్దని రాయండి, అడ్వాన్సు వెనక్కిస్తామని రాయండి.

మా ఇంట్లో ఆ వాక్యం మార్చేది మా అమ్మ. ఆమెకు కంప్యూటరు రాదు. ఫోనులో తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయని తెలుసుకుంది, తప్పులుంటే నన్ను పిలిచి దిద్దిస్తుంది. పోయిన వానాకాలం ఒక ఉదయం ఆమె రాయించినది, “నీళ్లు పెరుగుతున్నయి, ఈ వారం రాకండి, కార్తీకంలో రండి.” మర్నాడు గుంటూరు నుంచి ఒకాయన ఫోను చేసి, “అమ్మగారూ, చూశాం, ప్రయాణం ఆపుకున్నాం” అన్నాడు. కార్తీకమాసంలో తొమ్మిదిమంది వచ్చి మూడు గదులు తీసుకున్నారు. దిగగానే, ఆ మాట రాసినామెను చూపించమన్నారు.